రాత్రి ఏడింటికి కళ్లు మూసుకునే కెమెరా

మా టవర్ టెర్రస్ మీది కెమెరా పగలంతా చక్కగా పనిచేసేది. చీకటి పడగానే, ఇంచుమించు ఏడింటికి, తెర నల్లబడిపోయేది. రెండు నిమిషాలకు బొమ్మ వచ్చేది, మళ్లీ పోయేది. తెల్లవారేసరికి ఏమీ ఎరగనట్టు మామూలే. ఏఎంసీ (ఏడాది మరమ్మతు ఒప్పందం) వాళ్లు మూడుసార్లు వచ్చారు. మొదటిసారి కెమెరా మార్చారు. రెండోసారి, మార్చిన కెమెరాను మళ్లీ మార్చారు. మూడోసారి, కెమెరాల తీగలన్నీ వచ్చి చేరే నెట్‌వర్క్ స్విచ్ మార్చి బిల్లు చేతిలో పెట్టారు. ఆ రోజు కూడా ఏడింటికి తెర నల్లబడింది.

సంగతి తేల్చింది కెమెరాల కంపెనీ మనిషి కాదు, మా బిల్డింగ్ ఎలక్ట్రీషియన్. సెల్లార్‌లో కంట్రోల్ రూమ్ దగ్గర కేబుల్ కొస కత్తిరించి, పైతోలు ఒలిచి, లోపలి తీగనొకదాన్ని బ్లేడుతో గీరాడు. పైకి రాగి రంగే. గీరినచోట మాత్రం తెల్లగా మెరిసింది. "కెమెరాకేం గాలేదు సార్. గిది రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. రాత్రి కాంగనే కెమెరాకు కరెంటు సాల్తలేదు" అన్నాడు.

హైదరాబాద్‌లో నార్సింగి, కోకాపేట వైపు ఇప్పుడు 30 అంతస్తులంటే ఎవరూ తలెత్తి చూడటం లేదు, 50 దాటినవే లేస్తున్నాయి. వాటి గోడలకు, టెర్రస్‌లకు, గేట్లకు కెమెరాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఇంత ఎత్తులో కెమెరా ఆగిపోయిందంటే, చాలాసార్లు పాడైంది కెమెరా కాదు. దానికి వెళ్లే తీగ, ఆ తీగ అతుకులో చేరిన నీళ్లు, సరిగా వేయని ఎర్తింగ్, వీటిలో ఏదో ఒకటి. రెండంతస్తుల ఇంట్లో ఈ తేడా పెద్దగా పట్టదు, నిచ్చెన వేసి చూసేస్తాం. 30వ అంతస్తు గోడ మీదైతే ఒక్కసారి చూసి రావడానికే ఒక మనిషిని తాడు మీద దించాలి. అందుకే రోగం ఎక్కడుందో కిందనే తేల్చుకోవడం నేర్చుకోవాలి.

వంద మీటర్ల లెక్క

ఇప్పటి కెమెరాలకు కరెంటుకో తీగ, బొమ్మకో తీగ అంటూ ఉండవు. నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటే రెండూ మోస్తుంది. దీన్నే పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అంటారు. స్విచ్ దాదాపు 48 వోల్టుల డీసీని ఆ సన్నని తీగల్లోకి పంపుతుంది. మామూలు రకంలో స్విచ్ ఒక్కో కెమెరాకు 15.4 వాట్ల దాకా ఇస్తే, 100 మీటర్ల అవతల ఉన్న కెమెరా నమ్ముకోగలిగింది 12.95 వాట్లే. తక్కినది దారిలో తీగను వేడెక్కించడానికే సరిపోతుంది. ఈ లెక్క కూడా అసలైన రాగి తీగకు, 100 మీటర్ల లోపు దూరానికి.

అంతస్తుకు 3 మీటర్లు వేసుకున్నా 30 అంతస్తులకు నిలువునే 90 మీటర్లు. కంట్రోల్ రూమ్ సెల్లార్‌లో ఒక మూల, తీగలు నిలువునా పైకి వెళ్లే షాఫ్ట్ ఇంకో మూల, టెర్రస్ మీద మళ్లీ అడ్డంగా కొంత. అంటే 100 మీటర్లు ఎప్పుడో దాటిపోయాయి. మా కాంట్రాక్టర్ ఒక ఉపాయం వాడాడు. చాలా స్విచ్‌లకు 'ఎక్స్‌టెండ్' అని ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే వేగం 10 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది కానీ దూరం 250 మీటర్ల వరకు వస్తుందని కంపెనీలు రాసుకుంటాయి. బొమ్మ వచ్చేసింది, చెక్కు తీసుకుని వెళ్లిపోయాడు.

పగలు కెమెరాకు ఐదారు వాట్లు చాలు. చీకటి పడగానే లెన్స్ చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, అవసరం ఒక్కసారిగా రెండింతలవుతుంది. పొడవాటి నాసిరకం తీగలో అంత కరెంటు లాగేసరికి కెమెరా దగ్గర వోల్టేజీ కుంగుతుంది, కెమెరా ఆగిపోతుంది. ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు దీపాలు ఆరి ఉంటాయి కాబట్టి బతుకుతుంది. దీపాలు వెలగగానే మళ్లీ చస్తుంది. రెండు నిమిషాలకోసారి వచ్చిపోవడం వెనక ఉన్నది ఇంతే. పగలు బాగుండి రాత్రి మాత్రమే పోయే కెమెరా ఎక్కడ కనిపించినా ముందు అనుమానించాల్సింది కరెంటునే. స్విచ్ సెట్టింగుల్లో ఒక్కో పోర్టు ఎన్ని వాట్లు ఇస్తోందో కనిపిస్తుంది. సెల్లార్‌లో కుర్చీలో కూర్చునే సగం రోగం చెప్పేయొచ్చు.

సరైన పద్ధతి అయితే షాఫ్ట్ మధ్యలో, 10వ అంతస్తు దగ్గరో 20వ అంతస్తు దగ్గరో, చిన్న స్విచ్‌లు పెట్టి, వాటికీ కంట్రోల్ రూమ్‌కూ మధ్య ఫైబర్ లాగడం. ఫైబర్‌కు 100 మీటర్ల గొడవ లేదు. కానీ ఇక్కడ కెమెరాల కథ కరెంటు కథగా మారుతుంది. ఆ స్విచ్‌లకు యూపీఎస్ కావాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లే పట్టొచ్చు. ఆ కొన్ని సెకన్లకే స్విచ్ ఆగి, తిరిగి లేచి, దాని కింద ఉన్న కెమెరాలన్నీ ఒక్కొక్కటిగా మేల్కొనేసరికి రెండు మూడు నిమిషాలు అవుతుంది. కంట్రోల్ రూమ్‌లో రికార్డర్‌కు యూపీఎస్ పెట్టి, షాఫ్ట్‌లో స్విచ్‌లను గాలికొదిలేసిన టవర్లు చాలానే చూశాను. అక్కడ కరెంటు పోయిన వేళ రికార్డర్ శ్రద్ధగా నల్లటి తెరను రికార్డు చేస్తుంది.

షాఫ్ట్ గురించి ఇంకొక్క మాట, ఇది కెమెరాలకంటే పెద్దది. ప్రతి అంతస్తు దగ్గరా ఆ షాఫ్ట్‌ను మంటలకు తట్టుకునే పదార్థంతో మూసి ఉంచాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 15 మీటర్లు దాటిన భవనాలకు ఈ అడ్డుగోడలు తప్పనిసరి చేశాయి. కరెంటు కేబుళ్ల షాఫ్ట్‌లో నీళ్ల పైపులూ, గ్యాస్ పైపులూ వేయకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. బిల్డర్ కట్టినప్పుడు ఆ మూతలు ఉంటాయి. ఆ తర్వాత ఇంటర్నెట్ వాళ్లు ఒకరు, డీటీహెచ్ వాళ్లు ఒకరు, కెమెరాల వాళ్లు ఒకరు వచ్చి తలా ఒక బెజ్జం పెడతారు. తీగ దూరాక బెజ్జాన్ని పూడ్చేవాడు ఉండడు. కింద ప్యానెల్‌లో నిప్పు రాజుకుంటే 30 అంతస్తుల షాఫ్ట్ పొగగొట్టం అయిపోతుంది. కొత్త కేబుల్ లాగినవాడి బిల్లు కట్టే ముందు ప్రతి అంతస్తులో పూడ్చిన బెజ్జం ఫొటో అడగండి. మా కమిటీలో ఈ పద్ధతి పెట్టినప్పుడు ఇద్దరు కాంట్రాక్టర్లు మొహం మాడ్చుకున్నారు.

నీళ్లు ఎటునుంచి వస్తాయి

కెమెరా డబ్బా మీద ఐపీ66 అనో, ఐపీ67 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె దుమ్ము గురించి, రెండోది నీళ్ల గురించి. 66 అంటే దుమ్ము చొరబడదు, గట్టిగా పైపుతో నీళ్లు కొట్టినా లోపలికి పోవు. చాలామంది దీన్ని చూసి నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ హామీ కెమెరా ఒంటికే. కెమెరా వెనక నుంచి జానెడు తోక బయటికి వస్తుంది. దాని చివర నెట్‌వర్క్ సాకెట్, అందులో మన కేబుల్ పిన్ను. ఆ అతుకును కాపాడేది ఎవరు? దానితోపాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ తొడుగు, రబ్బరు వాషర్. ఫిట్ చేసే కుర్రాళ్లు వాటిని అట్టపెట్టెలోనే వదిలేసి, నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టేస్తారు.

ఆ టేపు నీళ్లను ఆపదు, పట్టి ఉంచుతుంది. ఒక వానాకాలం గడిచాక అలాంటి అతుకు విప్పి చూడండి. జిగురు కారిపోయి చేతికంటుకుంటుంది. లోపల ఎనిమిది పిన్నుల్లో రెండు మూడింటి మీద పచ్చగా చిలుము. గుడిలో పాత రాగి చెంబుకు పట్టినట్టే ఉంటుంది. తడిలో 48 వోల్టుల డీసీ నిరంతరం పారుతుంటే రాగిని చిలుము ఇంకా త్వరగా తినేస్తుంది. కెమెరా మాత్రం కొత్తదానిలాగే మెరుస్తూ ఉంటుంది.

అతుకు ఎప్పుడూ జంక్షన్ బాక్సులోనే ఉండాలి, కేబుల్ ఆ బాక్సులోకి కింది వైపు నుంచి, తీగను బిగించి పట్టే గ్లాండ్ ద్వారా దూరాలి. దూరే ముందు కేబుల్‌ను ఉయ్యాలలా కిందికి ఒక వంపు తిప్పాలి. తీగ వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గర రాలిపోతుంది. ఖర్చు లేని పని, పది వానాకాలాలు కాస్తుంది.

వాన కాకుండా ఇంకో దారిలో కూడా తేమ చేరుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు పశ్చిమం గోడ మీద కెమెరా లోపలి గాలి ఉబ్బి, బిగుతు తగ్గిన రబ్బరు సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం మృగశిర చినుకు పడి ఒక్కసారిగా చల్లారితే, అదే సందుల్లోంచి తేమగాలిని లోపలికి పీల్చుకుంటుంది. పొద్దున లెన్స్ లోపలివైపు మంచు పట్టినట్టు కనిపిస్తుంది. అప్పుడు బయట ఎంత తుడిచినా లాభం లేదు. విప్పి, ఆరబెట్టి, లోపలి తేమ పీల్చే సిలికా జెల్ సంచి మార్చి, రబ్బరు కొత్తది వేయాలి. గట్టిగా బిగిస్తే చాలనుకుని స్క్రూలు ఒకవైపే బిగించేస్తే రబ్బరు ఒకవైపు నలిగి ఇంకోవైపు లేస్తుంది. ఎదురెదురు స్క్రూలను కొంచెం కొంచెంగా బిగించాలి, కారు టైరు నట్లలాగా.

విశాఖపట్నంలో ఉన్న మా బంధువుల అపార్ట్‌మెంట్‌లో వేరే శత్రువు, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు గోడకు మామూలు జీఐ (జింకు పూత ఇనుము) క్లాంపులు ఏడాది తిరక్కుండానే తుప్పు కారుస్తాయి. సముద్రపు ఒడ్డున 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడమనేది ఇందుకే. మామూలుగా దొరికే 304 కూడా అక్కడ మచ్చలు పడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఆ నగరంలో గాలి ఏం చేయగలదో అందరూ చూశారు. తుప్పు తిన్న బోల్టుతో 20వ అంతస్తు గోడకున్న కిలోన్నర కెమెరా అలాంటి రాత్రి కింద పార్కింగ్‌లోకి విసిరిన రాయే.

ఇక సాలెపురుగు. నవ్వుకోకండి, రాత్రిపూట వచ్చే ఫిర్యాదుల్లో సగం దానివే. కెమెరా దగ్గర పురుగులు తిరుగుతాయి, సాలెపురుగు అక్కడే గూడు కడుతుంది. లెన్స్‌కు రెండంగుళాల దూరంలో ఉన్న పోగు పగలు కనిపించదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దానికి తగిలి తిరిగి లెన్స్‌లో పడేసరికి తెరంతా తెల్లటి పొగ. గాలికి పోగు ఊగినప్పుడల్లా 'కదలిక ఉంది' అని సెక్యూరిటీ ఫోన్‌కు హెచ్చరిక. పది రాత్రులు అలా మోగితే పదకొండో రాత్రి అతను ఫోన్ సైలెంట్‌లో పెట్టేస్తాడు. చీపురుతో గూడు తీయొచ్చు కానీ కెమెరా ముందుండే గుండ్రటి డోమ్‌ను మాత్రం పొడిగుడ్డతో రుద్దొద్దు. మీదున్న దుమ్ము ఇసుక కాగితంలా గీతలు పెడుతుంది, ఆ గీతలు జన్మలో పోవు. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనివ్వాలి, తర్వాతే మెత్తటి గుడ్డ.

పిడుగుకు దారి

పిడుగు నేరుగా కెమెరా మీద పడటం అరుదు. కానీ భవనం మీదో పక్కనో పడినా చాలు. షాఫ్ట్‌లో నిలువుగా ఉన్న పొడవాటి రాగి తీగలన్నిట్లో ఒక్క క్షణం వోల్టేజీ ఎగసిపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒక సాయంత్రపు గాలివాన తర్వాత ఒకేసారి ఎనిమిది కెమెరాలు, ఒక స్విచ్, ఇంటర్‌కమ్ పోయాయంటే కారణం అదే.

ఇంజనీర్లు పిడుగు ఎక్కడ పడొచ్చో తెలుసుకోవడానికి ఒక పెద్ద బంతిని ఊహిస్తారు. ఎంత రక్షణ కావాలన్నదాన్నిబట్టి దాని వ్యాసార్థం 20 నుంచి 60 మీటర్లు. ఆ బంతిని భవనం మీద దొర్లిస్తే ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడ పిడుగు పడొచ్చు. చిన్న భవనాలకు అది పైకప్పునే తాకుతుంది. ఎత్తైన భవనాలకు గోడల్ని కూడా తాకుతుంది. అందుకే పిడుగు రక్షణకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62305 60 మీటర్లు దాటిన భవనాలకు పై ఐదోవంతు గోడలకు కూడా రక్షణ అడుగుతుంది. 90 మీటర్ల టవర్‌కు లెక్కేస్తే పైన ఆరు అంతస్తుల గోడలు. అక్కడ గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన కెమెరా బ్రాకెట్ ఉందంటే పిడుగుకు చేయి చాచినట్టే.

టెర్రస్‌ల మీద నేను చూసే పెద్ద తప్పు, పిడుగు కడ్డీ నిలబెట్టిన పైపుకే కెమెరాను కట్టేయడం. పైపు తయారుగా ఉంటుంది, చూపు నాలుగు వైపులా పోతుంది, డ్రిల్లింగ్ పని తప్పుతుంది. పిడుగు కరెంటు దిగే దారికే కెమెరా తీగను కట్టి కంట్రోల్ రూమ్ దాకా తీసుకెళ్లడమే అది. కెమెరా ఎప్పుడూ కడ్డీ కంటే కిందుగా, దాని రక్షణలో, దానికి దూరంగా ఉండాలి. ఇంకొకటి, 'మా ప్రత్యేక కడ్డీ ఇంత వ్యాసార్థం మేర కాపాడుతుంది' అని అమ్మేవాళ్లుంటారు. పైన చెప్పిన ప్రమాణం అలాంటి అదనపు వ్యాసార్థాన్ని లెక్కలోకి తీసుకోదు. కడ్డీ ఎంత పొడవుందో అంతే లెక్క.

ఎర్తింగ్ విషయంలో మరో అపోహ ఉంది. "కెమెరాల కోసం వేరుగా ఎర్త్ పిట్ తవ్వించాం" అని కొందరు గర్వంగా చెబుతారు. వేరుగా తవ్వి, వేరుగానే వదిలేస్తే అది మేలు కాదు, కీడు. పిడుగు పడిన క్షణంలో భవనం ఎర్త్ ఒక వోల్టేజీకి, కెమెరాల ఎర్త్ ఇంకో వోల్టేజీకి వెళ్తాయి. రెండింటి మధ్య తేడా ప్రవహించడానికి దొరికే వంతెన మీ రికార్డరే. ఎన్ని పిట్‌లున్నా అన్నిటినీ ఒకదానికొకటి కలపాలి. పిడుగు ఎర్తింగ్ నిరోధం 10 ఓంల లోపు ఉండాలంటారు. దాన్ని నిండు వేసవిలో, నేల ఎండిపోయినప్పుడు కొలవాలి. వానలు పడ్డాక కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే వాళ్లతో జాగ్రత్త. టెర్రస్ నుంచి దిగే రాగి పట్టీ మొత్తం ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి. పాత ఇనుప సామాను కొట్టులో రాగికి మంచి ధర ఉంది మరి.

ఎగసిపడే వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్లు కేబుల్‌కు రెండు చివరలా ఉండాలి, ఒక్క చివర పెడితే రెండో చివర దిక్కులేనిదే. కరెంటు ప్యానెల్‌లో పెట్టే వాటికి చిన్న కిటికీ ఉంటుంది, పచ్చగా ఉంటే బతికున్నట్టు, ఎర్రబడితే ప్రాణం పోయినట్టు. అది పోయినా కరెంటు మామూలుగా వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. పెద్ద ఉరుముల వాన తర్వాత ప్యానెల్ తలుపు తెరిచి ఆ కిటికీ చూడటం ఒక నిమిషం పని.

ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు రాగి తీగ అసలు వేయొద్దు. ఫైబర్ గాజు కాబట్టి పిడుగును మోయదు. అయితే భూమిలో వేసే ఫైబర్‌కు ఎలుకలు కొరక్కుండా ఇనుప కవచం ఉంటుంది, అది మోస్తుంది! కవచం లేని రకం ట్యూబులో వేయాలి, లేదంటే కవచాన్ని ఎర్త్ చేయాలి.

అదే టెర్రస్ మీద ఎర్ర దీపం ఒకటి ఉంటుంది, విమానాల కోసం. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఇన్ని విమాన స్థావరాలున్న నగరం మనది. 45 మీటర్లు దాటిన భవనాలకు మధ్యస్థాయి కాంతి దీపాలు అడుగుతారు. భవనంలో ఉండేవాళ్లెవరికీ కనిపించని దీపం అదొక్కటే కాబట్టి అది ఆరిపోతే ఫిర్యాదు చేసేవాళ్లూ ఉండరు. దానికి 230 వోల్టుల లైను వెళ్తుంది. ఆ లైనునూ కెమెరా కేబుల్‌నూ ఒకే పైపులో దూర్చేసిన టెర్రస్‌లున్నాయి. లోపల తోలు అరిగితే కెమెరా బాడీయే షాక్ కొడుతుంది.

తాడు మీద మనిషి

ఇంత చెప్పాక కూడా కొన్నిసార్లు గోడ మీదికి మనిషి వెళ్లక తప్పదు. జూలా అని పిలిచే గొండోలాలోనో, తాడు మీదో దిగుతాడు. తాడైతే రెండుండాలి. ఒకటి పనికి, ఒకటి ప్రాణానికి. రెండూ వేర్వేరు చోట్ల కట్టి ఉండాలి. నీళ్ల ట్యాంకు పైపుకో, డిష్ స్టాండుకో, ఏసీ ఫ్రేముకో కడుతుంటే అక్కడికక్కడే ఆపేయండి. ఒంటికంతా పట్టే హార్నెస్ ఉండాలి, నడుము బెల్టు ఒక్కటే అయితే పడినప్పుడు అదే వెన్ను విరుస్తుంది. స్క్రూడ్రైవర్‌కు కూడా తాడుండాలి, కింద మనుషులు తిరగకుండా టేపు కట్టాలి.

కెమెరా లైన్లో ఉండే 48 వోల్టులు మామూలుగా ప్రాణం తీసేవి కావు. కానీ ఎత్తులో ఒక్క ఉలికిపాటు చాలు. పక్కనే గోడకుండే అలంకార దీపాలది 230 వోల్టుల సంగతి. ఎంసీబీ దించితే సరిపోదు, దానికి తాళం వేసి తాళంచెవి పైకి వెళ్లే మనిషి జేబులో ఉండాలి. "లైటు రావట్లేదేంటి" అని సెక్యూరిటీ అతను మీట ఎత్తేసిన సందర్భం మా దగ్గరే జరిగింది. అదృష్టం కొద్దీ అప్పటికి పనివాడు టీ తాగడానికి దిగాడు.

తేనెపట్టు సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. పెద్ద తేనెటీగలకు ఎత్తైన భవనాల చూర్లు కొండల్లాగే కనిపిస్తాయి. పట్టున్న వైపు మనిషిని దించకూడదు. వాటిని తీసేవాళ్లను పిలిచి, అవి పోయాక మరో రోజు పెట్టుకోవాలి. గాల్లో వేలాడే మనిషి పరిగెత్తలేడు.

అసలు ఆ కెమెరా అక్కడ ఎందుకుంది అన్న ప్రశ్న మేం చాలా ఆలస్యంగా వేసుకున్నాం. తెలియని మనిషి మొహం గుర్తుపట్టేలా కావాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలన్నది 2014 నాటి సీసీటీవీ ప్రమాణం చెప్పిన లెక్క. 4 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా 2560 పిక్సెళ్లు. అంటే పది మీటర్ల వెడల్పు దృశ్యం దాకానే మొహం తెలుస్తుంది. 30 అంతస్తుల పైనుంచి పార్కింగ్‌ను చూస్తే కనిపించేది నడినెత్తులు. గేటు దగ్గర మూడు మీటర్ల ఎత్తులో ఉన్న కెమెరా అంతకంటే వంద రెట్లు నయం. దాన్ని తుడవడానికి తాడూ అక్కర్లేదు.

రికార్డింగ్ లెక్క కూడా కిందే తేలుతుంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే చోట్ల 30 రోజుల ఫుటేజీ దాచమంటుంది. 4 ఎంబీపీఎస్ మీద నడిచే ఒక కెమెరా రోజుకు దాదాపు 43 జీబీ తింటుంది. 64 కెమెరాలు, 30 రోజులు అంటే 83 టీబీ. మీ రికార్డర్‌లో ఎంత ఉందో ఒకసారి చూసుకోండి. దొంగతనం జరిగిన పన్నెండో రోజున డిస్కులో తొమ్మిది రోజులే ఉన్నాయని తెలుసుకోవడం కంటే అది తేలిక. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చారో లేదో కూడా అప్పుడే చూడండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా లక్షల కెమెరాలనూ రికార్డర్లనూ పట్టుకుని ఇంటర్నెట్ మీదికి ఉసిగొల్పింది ఆ పాస్‌వర్డ్‌లతోనే.

మా టెర్రస్ కెమెరా విషయానికొస్తే, దాని పనల్లా టెర్రస్ తలుపు తీసి ఎవరొచ్చారో చూడటం. దానికి పిట్టగోడ అంచున, గాలిలో, వానలో ఉండాల్సిన అవసరమే లేదు. 20వ అంతస్తు షాఫ్ట్‌లో స్విచ్ పెట్టించి, అక్కడి నుంచి అసలు రాగి కేబుల్ లాగించి, కెమెరాను మెట్ల గది లోపల తలుపుకు ఎదురుగా పెట్టించాం. ఎలక్ట్రీషియన్ స్టూలు ఎక్కి నాలుగు స్క్రూలు బిగించాడు. ఆ రాత్రి ఏడున్నర దాకా కంట్రోల్ రూమ్‌లోనే కూర్చున్నాం, టీ రెండోసారి తెప్పించుకుని.